సవర అక్షరం జార్జియన్‌గా మారే లెక్క

69,840లోంచి 65,536 తీసేస్తే 4,304. మూడో తరగతి పిల్లలు పలక మీద చేసేసే తీసివేత. ఇదే లెక్క కంప్యూటర్ లోపల ఎవరూ అడక్కుండా, చడీచప్పుడు లేకుండా జరిగిపోతే మాత్రం తూర్పు కనుమల అక్షరం ఒకటి మాయమై, దాని చోట కాకేసస్ కొండల అక్షరం వచ్చి కూర్చుంటుంది.

యూనికోడ్ ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇస్తుంది. మన ‘అ’ సంఖ్య 3,077. ‘క’ సంఖ్య 3,093. సీతంపేట, గుణుపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో మాట్లాడే సవర భాషకు 1936లో మంగెయ్ గొమాంగో ఒక లిపిని తయారుచేశారు. దాన్ని సొరాంగ్ సొంపెంగ్ అంటారు. 2012లో అది యూనికోడ్‌లో చేరింది. అందులో మొదటి అక్షరం సంఖ్య 69,840. మరి 4,304 ఎవరిది? జార్జియా దేశపు అక్షరమాలలో మొదటి అక్షరానిది. ఒకరి మొదటి అక్షరం ఇంకొకరి మొదటి అక్షరంగా మారడం ఒట్టి కాకతాళీయం. కంప్యూటర్ సరిగ్గా 65,536నే జారవిడవడం మాత్రం కాకతాళీయం కాదు.

పదహారు బిట్ల గదిలో 0 నుంచి 65,535 దాకా సంఖ్యలు పడతాయి. అంతకు మించితే పైన ఉన్న బిట్లు తెగిపోయి, మిగిలినదే ఆ గదిలో ఉంటుంది. జావా భాషలో ‘క్యార్’ అనే టైపు అలాంటి గదే. 1996 జనవరిలో జావా తొలి వెర్షన్ విడుదలయ్యేనాటికి, ప్రపంచంలోని లిపులన్నీ ఆ గదిలో ఇముడుతాయన్న నమ్మకంతోనే దాన్ని కట్టారు. అదే ఏడాది జులైలో యూనికోడ్ రెండో వెర్షన్ వచ్చి ఆ హద్దును చెరిపేసింది. హద్దు అవతల చోటు దక్కింది ఆలస్యంగా వచ్చినవాళ్లకు. సవర లిపి అక్కడే ఉంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్లో దొరికిన రాతప్రతుల గోండి లిపి 2018లో వచ్చి అక్కడే చేరింది. దాని ‘అ’ సంఖ్య 73,056. అదే తీసివేత జరిగితే 7,520 మిగిలి, గ్రీకు అక్షరం ‘ఫై’ చిన్న సైజులో, గీతకు పైన ఎత్తి రాసినట్టు కనిపిస్తుంది. తెలుగు ముందే వచ్చింది కనక కింది అంతస్తులో నిశ్చింతగా ఉంది. అందుకే తెలుగు రాసి పరీక్షించి ‘అన్నీ బాగానే ఉన్నాయి’ అనుకున్న ప్రోగ్రాం, సవర రాసిన రోజున పడిపోవచ్చు.

మైఎస్‌క్యూఎల్ డేటాబేసులోనూ కథ ఇదే. అందులో ‘యూటీఎఫ్8’ అని పేరు పెట్టిన అమరిక నిజానికి అక్షరానికి మూడు బైట్ల దాకానే తీసుకునేది. తెలుగు అక్షరానికి మూడు బైట్లు చాలు. సవర అక్షరానికి నాలుగు కావాలి. నాలుగు బైట్లు పట్టే అమరిక 2010లో వేరే పేరుతో వచ్చింది. పాతదానిలో సవర వాక్యం వేస్తే, కఠిన నియమాలు పెట్టుకున్న చోట తప్పు అని చెప్పి ఆగేది. పెట్టుకోని చోట మొదటి సవర అక్షరం దగ్గరే వాక్యాన్ని తుంచేసి, మిగతాది పారేసి, పని అయిపోయిందనేది. ఇమోజీల్లో చాలా భాగం కూడా ఇదే అవతలి గట్టున ఉండబట్టి, నగరాల్లో జనం నవ్వు బొమ్మలు పంపుకోవడం మొదలుపెట్టాక ఈ లోపాలను సరిచేసే తొందర పెరిగింది. సవరల కోసమని ఎవరూ రోడ్డు వేయలేదు గానీ, వేసిన రోడ్డు మీద వాళ్ల అక్షరాలూ నడుస్తున్నాయి.

ఇంతకీ ఆ తీసివేతకు అనుమతి ఇచ్చిందెవరు? ప్రోగ్రామరే. ‘ఈ పెద్ద సంఖ్యను క్యార్‌గా తీసుకో’ అని రాస్తారు. దాన్నే కాస్ట్ అంటారు. కాస్ట్ అంటే, ప్రోగ్రాంను యంత్ర భాషలోకి మార్చే కంపైలర్‌కి ప్రోగ్రామర్ ఇచ్చే హామీ: ‘నాకు తెలుసు, ఇది సరిపోతుంది, నువ్వు అడ్డు రాకు’ అని. కాస్ట్ రాయకుండా 69,840ని నేరుగా క్యార్‌లో పెట్టబోతే జావా కంపైలర్ ఒప్పుకోదు. కాస్ట్ రాస్తే నోరు మూసుకుంటుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల సీ షార్ప్ ఇక్కడ ఇంకొంచెం జాగ్రత్తపరురాలు. 69,840 అన్న సంఖ్య ప్రోగ్రాంలోనే రాసి ఉంటే, కాస్ట్ పెట్టినా సరే కంపైలర్ దగ్గరే ఆపేస్తుంది. ఆ సంఖ్య ఫైల్లోంచో కీబోర్డు నుంచో వచ్చేదైతే కంపైలర్ చేయగలిగింది లేదు. అది ఇంకా పుట్టనే లేదు కదా. అప్పుడు ‘చెక్డ్’ అని అడిగి ఉంటే, ప్రోగ్రాం నడిచేటప్పుడు తేడా పసిగట్టి ఆగుతుంది. అడగకపోతే మామూలుగా బిట్లు కోసేసి ముందుకు పోతుంది.

కంపైల్ చేసే వేళ తెలిసేవి కొన్ని, నడిచే వేళే తెలిసేవి కొన్ని. ఆ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే ప్రోగ్రామింగ్ భాషలు కట్టేవాళ్ల పాత తగువు.

ఇప్పటిదాకా చెప్పింది విలువ గదిలో పట్టకపోవడం. అసలు వస్తువు ఏ జాతిదో తెలియకపోవడం ఇంకో రకం చిక్కు. సీతంపేట సంతలో అనాస పండ్లను లెక్కన, చింతపండును తూకాన కొనే సంఘం ఒకటి ఉందని, దానికి సీ ప్లస్ ప్లస్‌లో బిల్లుల ప్రోగ్రాం రాస్తున్నామని అనుకోండి. ‘సరుకు’ అని ఒక క్లాసు. దాని కింద ‘లెక్క సరుకు’, ‘తూకం సరుకు’ అని రెండు. రెండింటిలోనూ ధర తర్వాత నాలుగు బైట్లు ఉంటాయి. లెక్క సరుకులో ఆ నాలుగు బైట్లు పండ్ల సంఖ్య, పూర్ణాంకం. తూకం సరుకులో అవే నాలుగు బైట్లు కిలోలు, దశాంశ సంఖ్య. రోజంతా వచ్చిన సరుకులన్నీ ‘సరుకు’ అన్న ఒకే పేరుతో ఒక జాబితాలో చేరతాయి. జాబితాలోంచి ఒకటి తీసి, ‘ఇది లెక్క సరుకే’ అని స్టాటిక్ కాస్ట్ రాశాం. తీరా అది పన్నెండున్నర కిలోల చింతపండు.

పన్నెండున్నరను దశాంశ సంఖ్యగా ముప్ఫై రెండు బిట్లలో రాసిపెట్టే పద్ధతి ఒకటుంది. ఆ బిట్లనే పూర్ణాంకంగా చదివితే వచ్చేది పన్నెండు కాదు, పదమూడూ కాదు. 109 కోట్ల 52 లక్షల 37 వేల 632. పండు పది రూపాయలన్నా, బిల్లు వెయ్యి కోట్లు దాటుతుంది.

ఇక్కడ తికమక పడే చోటు ఒకటుంది. 12.5ను నేరుగా పూర్ణాంకంగా కాస్ట్ చేస్తే కంపైలర్ దాన్ని మార్చి 12 చేస్తుంది. అర కిలో పోతుంది, అంతే. అది విలువను మార్చడం. పై ఉదాహరణలో విలువ మారలేదు, ఒక్క బిట్టూ కదల్లేదు. మారింది చూసే చూపు. రెండు పనులకూ ఒకే కాస్ట్ పేరు వాడటం సీ ప్లస్ ప్లస్ నేర్చుకునేవాళ్లను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది. పైగా ఆ 109 కోట్లు కూడా ఖాయం కాదు. ఇలా తప్పు జాతిగా చదివితే ఏమవుతుందో సీ ప్లస్ ప్లస్ ప్రమాణం చెప్పదు. ఏమైనా కావచ్చు, ఏమీ కాకపోవచ్చు, ఈ రోజు ఒకటి రేపు ఒకటి కావచ్చు. నా లెక్కలో మూడోదే అన్నిటికన్నా ప్రమాదం.

కంపైలర్ ఎందుకు పట్టుకోలేదు? ఒకదానికొకటి సంబంధం లేని టైపుల మధ్య స్టాటిక్ కాస్ట్ రాస్తే పట్టుకునేదే. సంఖ్య ఉన్న చిరునామాను చూపే పాయింటర్‌ని సరుకు పాయింటర్‌గా చూపిస్తే ఒప్పుకోదు. లెక్క సరుకు మాత్రం సరుకు కిందిదే కాబట్టి ‘అయ్యే అవకాశం ఉంది’ అని వదిలేస్తుంది. నిజంగా అయిందో లేదో అది చూడలేదు, ఎందుకంటే అది చూసే వేళకు సంతకు ఏ సరుకూ రాలేదు. కంపైల్ అయిపోయాక ఈ టైపుల పేర్లన్నీ యంత్ర భాషలో కరిగిపోతాయి. ప్రాసెసర్‌కు అనాస లేదు, చింతపండు లేదు, ఉన్నవి బైట్లే.

దీనికి విరుగుడుగా వచ్చిందే రన్‌టైమ్ టైపు సమాచారం. మూటకు కట్టిన చీటీ లాంటిది. మూట ఎక్కడికి పోతే చీటీ అక్కడికి పోతుంది. డైనమిక్ కాస్ట్ రాస్తే ప్రోగ్రాం నడిచేటప్పుడు ఆ చీటీ చూస్తుంది. లెక్క సరుకే అయితే ఇస్తుంది. కాకపోతే శూన్య పాయింటర్ చేతిలో పెడుతుంది. పాయింటర్ కాకుండా రిఫరెన్సు అడిగితే శూన్యం ఇచ్చే వీలు లేదు కనక ‘బ్యాడ్ కాస్ట్’ అని ఎక్సెప్షన్ విసురుతుంది.

ఈ సౌకర్యం సీ ప్లస్ ప్లస్‌కు పుట్టుకతో రాలేదు. బ్యార్నె స్ట్రౌస్ట్రుప్ 1979లో ఆ భాష పని మొదలుపెట్టేటప్పటికే దీని సంగతి ఆయనకు బాగా తెలుసు. నార్వేలో ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ తయారుచేసిన సిమ్యులా భాషలో వస్తువును ‘నువ్వే జాతి’ అని అడిగే వీలుండేది. తెలిసే ఆయన దాన్ని పక్కన పెట్టారు. అలా అడగడం అలవాటైతే జనం ప్రతిచోటా ‘ఇదైతే ఇలా, అదైతే అలా’ అని రాసుకుంటూ పోతారనీ, ఏ జాతి వస్తువు పని ఆ వస్తువే చేసుకునే వర్చువల్ ఫంక్షన్లను వాడాల్సిన చోట వాడరనీ ఆయన భయం. భయం సబబే. కానీ అవసరం ఊరుకోదు కదా. పెద్ద లైబ్రరీలు రాసేవాళ్లు ఎవరికి వాళ్లు సొంత చీటీలు తయారుచేసుకున్నారు. ఒకరి చీటీ ఇంకొకరికి చదవరాదు. చివరికి స్ట్రౌస్ట్రుప్, దిమిత్రి లెంకోవ్ కలిసి పెట్టిన ప్రతిపాదనను 1993 మార్చిలో పోర్ట్‌లాండ్ సమావేశంలో ప్రమాణాల కమిటీ ఆమోదించింది. అదే ఏడాది నవంబరులో కొత్త తరహా కాస్టులూ వచ్చాయి. వాటి పేర్లు పొడుగ్గా, టైపు చేయడానికి విసుగ్గా ఉంటాయి. అది కావాలని చేసిందే. వికారమైన పని వికారంగానే కనబడాలని ఆయన వాదన. పాత సీ భాషలో కాస్ట్ అంటే రెండు బ్రాకెట్ల మధ్య ఒక పేరు. లక్ష వరుసల ప్రోగ్రాంలో దాన్ని వెతికి పట్టుకోవడం గడ్డివాములో సూది.

చీటీ ఎక్కడ కడతారన్నది చూడముచ్చటైన సంగతి. వర్చువల్ ఫంక్షన్లున్న క్లాసులో ప్రతి వస్తువూ ఒక రహస్య పాయింటర్‌ని మోస్తుంది. ఆ క్లాసు ఫంక్షన్ల చిరునామాల పట్టిక ఎక్కడుందో అది చూపిస్తుంది. లైనక్స్‌లో సాధారణంగా వాడే అమరికలో, ఆ పట్టికలో మొదటి చిరునామాకు సరిగ్గా ఒక గది వెనక టైపు సమాచారానికి దారి ఉంటుంది. అంటే వర్చువల్ ఫంక్షన్లు ఎలాగూ ఉన్న వస్తువుకు ఈ చీటీ కోసం కొత్తగా బరువేమీ పెరగదు. పాయింటర్ ముందే ఉంది. వర్చువల్ ఫంక్షను ఒక్కటీ లేని క్లాసుకు ఆ పాయింటరే ఉండదు, కనక దాన్నుంచి కింది క్లాసుకు డైనమిక్ కాస్ట్ రాస్తే కంపైలర్ ఒప్పుకోదు. ఖర్చంతా వెతకడంలో ఉంది. వారసత్వం రెండు మూడు దారుల్లో అల్లుకుపోయిన చోట, అడిగిన జాతి పై అంతస్తుల్లో ఎక్కడైనా ఉందేమో చూసుకుంటూ పోవాలి.

ఆ ఖర్చు భరించలేని వాళ్లున్నారు. కంపైలర్లకు పునాదిగా ఉన్న ఎల్‌ఎల్‌వీఎమ్ ప్రాజెక్టు ఈ సౌకర్యాన్ని ఆపేసుకుని, సొంతంగా ఒక చిన్న సంఖ్యను చీటీగా పెట్టుకుంది. అందులో రెండు రకాల కాస్టులు. ఒకటి ప్రతిసారీ చూసి, కాకపోతే శూన్యం ఇస్తుంది. ఇంకోటి పరీక్షల కోసం కట్టిన బిల్డులో మాత్రమే చూస్తుంది. జనానికి విడుదల చేసిన బిల్డులో చూడకుండా నమ్మేస్తుంది. ఇంట్లో అంతా సొంతవాళ్లే ఉన్నప్పుడు చెల్లే పద్ధతి అది.

స్ట్రౌస్ట్రుప్ మొదటి భయం ఇప్పటికీ పాతబడలేదు. మన బిల్లుల ప్రోగ్రాంలో నిజానికి ఏ కాస్టూ అక్కర్లేదు. ‘నీ బిల్లు నువ్వే కట్టు’ అని ప్రతి సరుకునూ అడిగే వర్చువల్ ఫంక్షన్ ఒకటి ఉంటే చాలు. రేపు అడ్డాకులు కట్టల లెక్కన వచ్చినా పాత వరుసలను ముట్టుకోనక్కర్లేదు. చీటీ నిజంగా కావాల్సింది వస్తువు బయటినుంచి వచ్చినప్పుడు, దాని పుట్టుక మన కంపైలర్ కళ్లముందు జరగనప్పుడు. ఫైలు, నెట్‌వర్కు, వేరేవాళ్లు రాసిన ప్లగిన్. మనుషులు రాసిన మాటలూ ఆ కోవలోవే.

చీటీ లేకపోతే ఏమవుతుందో ఇరవై ఏళ్ల కిందట తెలుగులో డీటీపీ చేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అను వంటి పాత ఫాంట్లతో కూర్చిన పేజీలో ఉన్నది తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంఖ్యలే ఉంటాయి. వాటిని తెలుగు ముక్కలుగా చూపించేది ఫాంటు. ఫాంటు పేరు పోతే ఆ పేజీ డాలర్లూ కొక్కేలూ నిండిన చెత్త. డేటాలో ఏ చీటీ లేదు, చూసేవాడు ఇచ్చిన హామీయే ఆధారం. యూనికోడ్ వచ్చాక ప్రతి అక్షరమూ తన లిపి ఏదో తనతోనే మోసుకొస్తోంది. 3,072 నుంచి 3,199 లోపు సంఖ్య కనబడితే అది తెలుగు లిపి, ఏ ఫాంటులో ఉన్నా సరే.

లిపి తెలిసింది. మరి భాష?

సీతంపేట ఐటీడీఏ పరిధిలోని ఊళ్లలో సవర పిల్లల కోసం వేసిన బడి పుస్తకాల్లో భాష సవర, అక్షరాలు తెలుగువి. సవర మాట్లాడేవాళ్లు ఒడిశాలోనూ చాలామంది ఉన్నారు. సొరాంగ్ సొంపెంగ్ పుట్టిందీ అటువైపే. గిడుగు రామమూర్తి పంతులు తన సవర వ్యాకరణాన్ని 1931లో, నిఘంటువును 1938లో వేసినప్పుడు రోమన్ ఆధారంగా ఉన్న ధ్వని లిపిని వాడారు. ఒక భాష, ఇన్ని వేషాలు. తెలుగు లిపి వైపునుంచి చూస్తే ఇదే తలకిందులు. మన అక్షరాలతో తెలుగు రాస్తాం, సంస్కృతం రాస్తాం, సవర, కువి, కోయ రాస్తాం. ప్రోగ్రామర్ మాటల్లో ‘తెలుగు లిపి పాఠ్యం’ పై క్లాసు. తెలుగు భాష దాని కింద ఉన్న వాటిలో ఒకటి, అంతే.

మన ఫోన్లు ఈ తేడా ఎరగవు. సంఖ్య 3,072కీ 3,199కీ మధ్య ఉందా, అయితే తెలుగే అని తేల్చేస్తాయి. సవర ముండా భాష. సంతాలీ, ముండారీలకు చుట్టం, తెలుగుకు కాదు. దాని మాటల్లో గొంతు దగ్గర ఠక్కున ఆగే ధ్వని ఉంది, అది మన ఉచ్చారణలో లేదు. సవర వాక్యాన్ని తెలుగు స్పెల్‌చెక్ చూస్తే దాదాపు ప్రతి మాటకూ కింద ఎర్రగీత పెడుతుంది. చదివి వినిపించే గొంతు తెలుగు పద్ధతిలో చదువుతుంది. సవర పిల్లలకది వాళ్ల భాషలా వినబడదు. ఇది అచ్చంగా స్టాటిక్ కాస్ట్. పై క్లాసు వస్తువును చీటీ చూడకుండా ఒక కింది క్లాసుగా పట్టుకోవడం. ప్రోగ్రాం రాసినవాళ్ల దగ్గర ఉన్న పాఠ్యమంతా తెలుగే కాబట్టి ఆ హామీ వాళ్ల పరీక్షల్లో ఎప్పుడూ తప్పలేదు.

చీటీ లేక కాదు. భాషల అంతర్జాతీయ సంకేతాల్లో సవరకు మూడక్షరాల కోడు ఉంది: ఎస్, ఆర్, బి. లిపికి నాలుగక్షరాల కోడు వేరే ఉంది. రెండూ జోడిస్తే ‘తెలుగు లిపిలో సవర’, ‘సొరాంగ్ సొంపెంగ్‌లో సవర’ అని విడివిడిగా చెప్పొచ్చు. వెబ్ పేజీలో ఒక పేరా మొదట్లో ఇది రాస్తే స్పెల్‌చెక్ జోలికి రాకూడదనీ, తెలుగు గొంతు చదవకూడదనీ బ్రౌజర్‌కు తెలుస్తుంది. దీంట్లోనూ ఒక గుంట ఉంది. అవే మూడక్షరాలు దేశాల పట్టికలో సెర్బియావి. సెర్బియన్ భాష కోడు ఎస్, ఆర్, పి. ఏ పట్టికలోని కోడో చూసుకోకుండా చదివే ప్రోగ్రాం, అక్షరం జార్జియాకు పోయినట్టే, భాషను సెర్బియాకు పంపించగలదు.

వెబ్ పేజీకైతే చీటీ కట్టే చోటుంది. ఎస్సెమ్మెస్‌కు? వాట్సాప్‌లో ఉపాధ్యాయుడు పంపిన నాలుగు సవర వాక్యాలకు? ఒట్టి పాఠ్యంలో భాష పేరు రాసే జాగా లేదు. ఒకప్పుడు పెట్టి చూశారు. 2001లో యూనికోడ్ కొన్ని కనబడని అక్షరాలను చేర్చింది. వాక్యానికి ముందు వాటితో భాష కోడు రాస్తే, చదివేవాళ్ల కంటికి కనబడకుండా ప్రోగ్రాముకు మాత్రమే తెలుస్తుంది. ఎవరూ పెద్దగా వాడలేదు. ఆ పని పేజీ అమరికలో ఉండాలి గానీ అక్షరాల్లో కాదని యూనికోడే తర్వాత దాన్ని వాడొద్దంది. ఖాళీగా పడున్న ఆ అక్షరాల్ని తర్వాత బయటికి తీసి, 2017లో ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్ జెండాల ఇమోజీలకు వాడుకున్నారు. భాషలకని కట్టిన చీటీలు జెండాలయ్యాయి.

ఇక మిగిలింది ఊహించడం. వాక్యం చూసి ఏ భాషో తేల్చే ప్రోగ్రాములు తమకు నేర్పిన భాషల జాబితాలోంచే ఒకటి ఎంచుతాయి. ఆ జాబితాలో సవర లేకపోతే తెలుగు లిపి వాక్యానికి ‘తెలుగు’ తప్ప వేరే జవాబు రావడం కష్టం. డైనమిక్ కాస్ట్‌లో ‘కాదు’ అని చెప్పడానికి శూన్యం ఉంది. భాషా సంకేతాల్లోనూ అలాంటిది ఉంది. ‘నిర్ధారణ కాలేదు’ అని అర్థమిచ్చే కోడు, యు, ఎన్, డి. దాన్ని తిరిగివ్వడానికి వెనకాడని ప్రోగ్రాం ఎర్రగీతలు పెట్టకుండా వాక్యాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తుంది, పైకి చదవమంటే ముందు ‘ఇది ఏ భాష?’ అని అడుగుతుంది. ఆ ఉపాధ్యాయుడు ఒక్కసారి ‘సవర’ అని నొక్కితే, ఆ జవాబును ఆ సంభాషణతోపాటే దాచుకుంటే చాలు, రెండోసారి అడగనక్కర్లేదు.